లంచ్ బాక్సు ఎందుకు తిరిగొచ్చింది? రుచీ ఇష్టం చెప్పే ఇంగ్లిష్ మాటలు



సాయంత్రం స్కూల్ బస్సు దిగిన పాప చేతిలో లంచ్ బాక్సు బరువుగానే ఉంటుంది. మూత తీస్తే పొద్దున పెట్టినవన్నీ అలాగే ఉంటాయి. "ఏమ్మా, తినలేదేం?" అంటే "బాలేదు" అని ఒక్క మాట. ఆ పైన మీరెంత అడిగినా ఇంకో మాట రాదు.

మన రామచంద్రపురం బ్రాంచిలో మధ్యాహ్నం భోజనాల దగ్గర మాకూ ఇదే అనుభవం. బాగుంటే "సూపర్ మిస్", బాగోకపోతే "నాట్ గుడ్ మిస్". ఏడెనిమిదేళ్లుగా ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్న పిల్లలు కూడా తిండి గురించి ఈ రెండు మాటలతోనే సరిపెట్టుకుంటారు.

ఒకరోజు పూరీలు ముట్టుకోని ఆరో తరగతి పాపను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాం. ఉప్పెక్కువైందా? కాదు. నూనె వాసనా? కాదు. అమ్మ చేసే పూరీలే ఇష్టం లేదా? "అయ్యో ఇష్టమే మిస్, కానీ బాక్సులో మెత్తగా, తడితడిగా అయిపోతున్నాయి" అంది. ఆ మాటకు ఇంగ్లిష్‌లో "సాగీ" అంటారని చెప్పాం. "ది పూరీస్ ఆర్ సాగీ" అని డైరీలో రాసుకుని వెళ్లింది. మర్నాటి నుంచి వాళ్లమ్మగారు పూరీలు బాగా చల్లారాకే మూత పెట్టడం మొదలుపెట్టారు. బాక్సు ఖాళీగా ఇంటికి వెళ్లింది. పాపకు పూరీలతో ఏ ఇబ్బందీ లేదు, వేడి మీద మూత పెడితే పట్టే ఆవిరితోనే ఇబ్బంది.

"బాలేదు" అన్న మాటతో అమ్మ ఏమీ చేయలేదు. "సాగీ" అన్న మాటతో చేయగలిగింది. అందుకే ఈ నెల పాఠం రుచుల గురించి.

ఉగాది పచ్చడితో మొదలు

ఇంగ్లిష్ మాట నేర్పడానికి ముందు ఆ రుచి పిల్లల నాలుకకూ, దాని తెలుగు పేరు వారి నోటికీ తెలిసి ఉండాలి. అలా తెలిసిన పిల్లలకు ఇంగ్లిష్ పేరు ఒక్క ముద్దతో పట్టుబడుతుంది. ఈ విషయంలో మనకు ఏటా వచ్చే పాఠ్యపుస్తకం ఉగాది పచ్చడి.

- బెల్లం తీపి: స్వీట్
- కొత్త చింతపండు పులుపు: సవర్
- ఉప్పు: సాల్టీ
- వేపపువ్వు చేదు: బిటర్
- మిరియం లేదా పచ్చిమిర్చి కారం: హాట్ లేదా స్పైసీ
- పచ్చి మామిడి వగరు: ఆస్ట్రింజెంట్

ఉచ్చారణ విషయంలో రెండు జాగ్రత్తలు. పులుపుకు "సోర్" అనకూడదు, "సవర్" అనాలి. "సోర్" అంటే పుండు, నొప్పి. అలాగే "బిటర్" చేదు, "బెటర్" మెరుగు, "బటర్" వెన్న. ఈ మూడూ వరసగా పలికించి చూడండి. పిల్లలు నవ్వుతూనే తేడా పట్టేస్తారు.

వగరు దగ్గర కాసేపు ఆగాలి. అరటికాయ ముక్క పచ్చిగా కొరికినా, పండని నేరేడుపండు తిన్నా, వక్క నమిలినా నోరు ఎండి, నాలుక గరుకుగా అవుతుంది. వాటిలోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకోవడం వల్ల ఆ ఎండు అనుభూతి కలుగుతుంది. "ఆస్ట్రింజెంట్" మాటల్లో అంతగా వాడరు. అందుకని పిల్లలు "ఇట్ మేక్స్ మై మౌత్ డ్రై" అన్నా చాలు.

కారం సంగతి ఇంకా తమాషా. మనకు వేడి వేరు, కారం వేరు. ఇంగ్లిష్‌లో రెండింటికీ "హాట్" ఉంది. "ది సాంబార్ ఈజ్ హాట్" అంటే చల్లారనివ్వాలో, మజ్జిగ ఇవ్వాలో తెలియదు. కారమైతే "స్పైసీ" అనడం మేలు. అయితే ఇంగ్లిష్ వాళ్లు రెండింటినీ ఒకే మాటతో చెప్పడంలో కొంత నిజం ఉంది. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నోటిలో వేడిని గుర్తించే గ్రాహకాన్నే తట్టి లేపుతుంది. అంటే శాస్త్రం ప్రకారం కారం రుచి కాదు, ఒక రకం మంట. ఆ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి అందుకున్నారు.

మన ఆరు రుచుల్లో లేనిది శాస్త్రజ్ఞుల జాబితాలో ఒకటుంది. దాని పేరు "ఉమామి". జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో సముద్రపు నాచుతో కాచిన పులుసులో దాన్ని గుర్తించారు. పేరు కొత్తదైనా రుచి మనకు పాతదే. బాగా పండిన టమాటాలతో ఎండు రొయ్యలు వండినప్పుడు నోటికి తగిలే ఆ నిండుతనంలో ఉన్నది అదే.

ముక్కు మూసి పూతరేకు

"టేస్ట్", "ఫ్లేవర్" ఒకటే అనుకుంటాం. కాదు. టేస్ట్ నాలుకకు తెలిసేది. ఫ్లేవర్ అంటే నాలుకకు తెలిసిన రుచీ, ముక్కుకు తెలిసిన వాసనా కలిసినది. ఈ తేడా చెప్పడానికి మన జిల్లాలోనే మంచి సాధనం ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యాలకుల పొడి వేసిన పూతరేకు ఒకటి తెచ్చి, పాపను ముక్కు గట్టిగా మూసుకుని ఒక ముక్క నమలమనండి. తీపి మాత్రమే తెలుస్తుంది. ఇప్పుడు ముక్కు వదలమనండి. నెయ్యి, యాలకులు ఒక్కసారిగా గుప్పున వస్తాయి. "ది టేస్ట్ ఈజ్ స్వీట్. ది ఫ్లేవర్ ఈజ్ కార్డమమ్ అండ్ ఘీ." జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా ఎందుకుంటుందో కూడా పిల్లలకు అప్పుడే అర్థమవుతుంది.

తగిలే తీరును, అంటే కరకరలాడడం, సాగడం, మెత్తబడడం లాంటివాటిని "టెక్స్చర్" అంటారు. పూతరేకు "క్రిస్ప్", నోట్లో పెట్టగానే కరుగుతుంది కనుక "ఇట్ మెల్ట్స్ ఇన్ ది మౌత్". తాపేశ్వరం మడత కాజా పొరలు పొరలుగా విడుతుంది కనుక "ఫ్లేకీ". కాకినాడ గొట్టం కాజా కొరికితే లోపల పాకం, అది "సిరపీ". జంతిక "క్రంచీ". జీడి సాగుతుంది కనుక "చ్యూయీ". లేత కొబ్బరి "టెండర్".

మెచ్చుకోలా, ఫిర్యాదా?

ఒకే గుణాన్ని మెచ్చుకుంటూ చెప్పడానికి ఒక మాట, తప్పుపడుతూ చెప్పడానికి ఇంకో మాట ఉంటాయి. అర్థం చెప్పే పుస్తకాల్లో ఈ తేడా సరిగా తెలియదు. జంటలుగా నేర్పితే నిలుస్తుంది.

- కారం తక్కువ: మెచ్చుకుంటే "మైల్డ్", బాగోలేదంటే "బ్లాండ్". మన "చప్పగా ఉంది" రెండోది.
- పులుపు: నోరూరించే పులిహోర, గోంగూర పచ్చడి "ట్యాంగీ". మరీ పులిసిన పెరుగు "సవర్".
- నెయ్యి, నూనె: కమ్మగా ఉంటే "రిచ్", చేతికి జిడ్డంటితే "గ్రీసీ" లేదా "ఆయిలీ".
- మెత్తదనం: ఇడ్లీ "సాఫ్ట్". ఎక్కువ ఉడికి ముద్దయిన అన్నం "మషీ".
- కరకర: అప్పడం "క్రిస్ప్". పళ్లకు పట్టని చెక్కలు "హార్డ్".

"చాలా", "మరీ" అన్న తేడా కూడా ఇక్కడే చెప్పండి. "చాలా" అంటే "వెరీ", "మరీ" అంటే "టూ". "వెరీ స్వీట్" అంటే చాలా తీపి, హాయిగా తినొచ్చు. "టూ స్వీట్" అంటే మరీ తీపి, తినలేను. వంట బాగుందని చెబుతూ "టూ టేస్టీ" అనే అలవాటు మన పిల్లలకు ఉంది. "వెరీ టేస్టీ" అనాలి. "టేస్ట్‌ఫుల్" అని కూడా అనకూడదు. అది ఇంటి అలంకరణకో, కట్టుకున్న చీరకో వాడే మాట.

ఒక్క మాటకు మాత్రం ఇంగ్లిష్‌లో వెతకొద్దు. అది "కమ్మగా". ముద్దపప్పు, ఆవకాయ, కాచిన నెయ్యి కలిపిన ముద్దకు మనం వాడే మాట అది. దానికి సరిగ్గా సరిపోయే ఒక్క మాట ఇంగ్లిష్‌లో లేదు. ఉన్నదే చెప్పమనండి: "ఇట్ ఈజ్ వార్మ్ అండ్ రిచ్, విత్ ఫ్రెష్ ఘీ." ఇంగ్లిష్ రావడం కోసం ఇంట్లో "కమ్మగా", "వగరు", "ఘాటు" మానేయనక్కర్లేదు. అవి పోతే పిల్లలకు ఇంగ్లిష్ మాట తగిలించుకోవడానికి కొక్కెమే ఉండదు.

ఇష్టానికి మెట్లు

తెలుగులో "నాకు ఇష్టం" అంటాం. ఇంగ్లిష్‌లో "నాకు" కాస్తా "నేను" అవుతుంది: "ఐ లైక్ ఇట్". ఈ మార్పు తెలియక పిల్లలు "మీ నాట్ లైక్" అనీ, "ఐ యామ్ నాట్ లైకింగ్" అనీ అంటారు. "ఐ డోంట్ లైక్ ఇట్" సరైనది. అదొక్కటే కాకుండా మెట్లన్నీ నేర్పండి.

- "ఐ లవ్ పూతరేకులు": అంటే ప్రాణం.
- "ఐ యామ్ ఫాండ్ ఆఫ్ పనసపొట్టు కూర": బాగా ఇష్టం.
- "ఐ లైక్ దొండకాయ వేపుడు": ఇష్టమే.
- "ఐ డోంట్ మైండ్ బీరకాయ": పెడితే తింటాను.
- "ఐ యామ్ నాట్ వెరీ ఫాండ్ ఆఫ్ ఉప్మా": అంతగా నచ్చదు.
- "ఐ కాంట్ స్టాండ్ కాకరకాయ": అసలు భరించలేను.

చుట్టాలింట్లో ఆఖరి మెట్టు వాడకూడదని, అక్కడ ఐదో మెట్టు మర్యాదని చెప్పండి.

"నచ్చలేదు", "నచ్చదు" అన్నవి వేరు. "ఐ డిడ్ నాట్ లైక్ ఇట్" అంటే ఈసారి నచ్చలేదు. "ఐ డోంట్ లైక్ ఇట్" అంటే ఎప్పుడూ నచ్చదు. మొదటిదైతే వండే తీరు మారిస్తే చాలు. రెండోదైతే కొన్నాళ్లు ఆగి, ఇంకో రూపంలో పెట్టి చూడొచ్చు.

రెండింటిలో ఒకటి ఎంచుకునేటప్పుడు "ప్రిఫర్" తర్వాత "దాన్" రాదు, "టు" వస్తుంది: "ఐ ప్రిఫర్ ఇడ్లీ టు దోశ." ఎవరైనా "వుడ్ యూ లైక్ సమ్ మోర్?" అని అడిగితే "ఎస్, ఐ లైక్" అనడం తప్పు. వడ్డించమనాలంటే "ఎస్, ప్లీజ్". చాలనుకుంటే "నో, థాంక్యూ. ఐ యామ్ ఫుల్."

ఈ మాటలు తప్పక రావాలి

పై మాటలన్నీ మరిచిపోయినా ఇవి మాత్రం మరిచిపోకూడదు. పిల్లలు రేపు హాస్టల్‌కో, ఇతర రాష్ట్రాల్లో ఆటల పోటీలకో వెళ్తారు. అక్కడ వడ్డించేవారికి తెలుగు రాకపోవచ్చు.

తెలుగులో "నాకు రొయ్యలు పడవు" అంటాం. దాన్ని "ఐ డోంట్ లైక్ ప్రాన్స్" అని చెబితే, అల్లరి అనుకుని పెద్దవాళ్లు "కొంచెం తిను" అని బలవంతపెట్టవచ్చు. తింటే ఒళ్లంతా దద్దుర్లు వచ్చే పిల్లలు "ఐ యామ్ అలర్జిక్ టు ప్రాన్స్" అనే చెప్పాలి. పాలు తాగితే కడుపునొప్పి వచ్చేవారు "మిల్క్ డజ్ నాట్ అగ్రీ విత్ మీ" అనాలి. ఇష్టం లేకపోవడం వేరు, ఒంటికి పడకపోవడం వేరు. మీ బాబుకో, పాపకో అలా పడనివి ఉంటే క్లాస్ టీచర్‌కు కూడా రాసి ఇవ్వండి.

పాచిపోయిన కూరకు "ది కర్రీ హాజ్ గాన్ ఆఫ్", విరిగిన పాలకు "ది మిల్క్ ఈజ్ స్పాయిల్ట్", నిన్నటి ఎండిన రొట్టెకు "స్టేల్". వాసన తేడాగా ఉంటే "ఇట్ స్మెల్స్ బ్యాడ్" అని చెప్పి పక్కన పెట్టే ధైర్యం పిల్లలకు ఉండాలి. ఆ ధైర్యం మాట చేతిలో ఉంటేనే వస్తుంది.

ఈ నెల ఇంటి అభ్యాసం

- ఒకటి నుంచి మూడో తరగతి: ఉగాది పచ్చడిలోని ఆరు పదార్థాలు ఆరు గిన్నెల్లో చిటికెడు చొప్పున పెట్టండి. కళ్లు మూసుకుని రుచి చూసి తెలుగు పేరు, ఇంగ్లిష్ పేరు చెప్పాలి.
- నాలుగు నుంచి ఆరో తరగతి: రోజూ లంచ్ బాక్సు గురించి ఒక వాక్యం. "సూపర్", "నైస్", "బ్యాడ్" వాడకూడదు. రుచి మాట ఒకటి, టెక్స్చర్ మాట ఒకటి తప్పనిసరి.
- ఏడు నుంచి పదో తరగతి: అమ్మమ్మనో, తాతయ్యనో చిన్నప్పుడు ఇష్టమైన వంట గురించి తెలుగులో అడిగి, దాన్ని పది ఇంగ్లిష్ వాక్యాల్లో రాయాలి.

మీకు ఒక్క మనవి. పిల్లలు మాట్లాడుతుండగా భోజనాల దగ్గర తప్పులు దిద్దకండి, చుట్టాల ముందు "ఇంగ్లిష్‌లో చెప్పు" అని నిలబెట్టకండి. ముందు తెలుగులో చెప్పనివ్వండి. "వంట ఎలా ఉంది?" అని కాకుండా "ఉప్పు సరిపోయిందా? మెత్తబడిందా? మరీ పుల్లగా ఉందా?" అని అడగండి. ప్రశ్నలో మాటలుంటే జవాబులోనూ వస్తాయి.

రేపు సాయంత్రం బాక్సు మళ్లీ నిండుగా తిరిగొస్తే కోప్పడకుండా మీరూ ఒక ముక్క తిని చూడండి. సరైన మాట ఇద్దరూ కలిసి వెతకండి.

ఇంగ్లిష్ విభాగం, రామచంద్రపురం బ్రాంచ్