నగరంలో నల్ల సైకిల్ – ఎంపిక, మార్పులు, మరమ్మతు

హాస్టల్ విడిచి పై చదువులకో, పోటీ పరీక్షలకో నగరానికి వచ్చే మన వాళ్ళకు మొదట ఎదురయ్యేది గది అద్దె లెక్క. కాలేజీకీ గ్రంథాలయానికీ దగ్గరగా ఉండే గదికి అద్దె ఎక్కువ. ఐదారు కిలోమీటర్లు దూరం పోతే అద్దె తగ్గుతుంది గాని, ఆ మిగిలిన డబ్బును ఆటో ఛార్జీలు మింగేస్తాయి. బస్‌పాస్ ఉన్నా, రాత్రి పదిన్నరకు పార్ట్‌టైమ్ పని ముగించుకొని బయటపడే వాడికి బస్సు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఈ లెక్క కుదరక చదువు మధ్యలో ఆపి ఊరికి వెళ్ళిపోయిన వాళ్ళు మా బ్యాచ్‌లోనే ఉన్నారు.

ఈ హాస్టల్‌లో చదివిన నలుగురం హైదరాబాద్‌లో ఒకే గదిలో ఉంటున్నాము. మాకు రెండు సైకిళ్ళు ఉన్నాయి. చిక్కడపల్లి గ్రంథాలయానికీ, పనికీ, కూరగాయలకూ అవే. వాటితో మేము నేర్చుకున్నది తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికి వస్తుందని ఇక్కడ రాస్తున్నాము.

ఏ సైకిల్ కొనాలి?

షాపుకు వెళ్ళగానే కళ్ళు గేర్ల సైకిల్ మీదకు పోతాయి. లావు టైర్లు, ముందు షాక్ అబ్జార్బర్లు, మెరిసే రంగులు. కాని వాటిలో చవక రకాలకు మడ్‌గార్డులు ఉండవు, క్యారియర్ ఉండదు, గేర్ల తీగ ఏడాదికే మొరాయిస్తుంది. మా ఓటు పాలవాళ్ళూ పోస్ట్‌మ్యాన్‌లూ తొక్కిన 28 అంగుళాల నల్ల సైకిల్‌కే.

ఈ సైకిల్ వంశం చాలా పాతది. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిల్ తయారు చేశాడు. దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రాన్ని తిప్పే చైను దానితోనే స్థిరపడ్డాయి. 1888లో డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. మన దేశంలో 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్‌లో మూతపడింది. అయినా ఇంట్లో తాతగారి అట్లాస్ ఉన్నవారు దిగులు పడనక్కర లేదు. ఈ తరహా సైకిళ్ళకు కంపెనీ ఏదైనా టైరు, చైను, ఇరుసు, బాల్స్ కొలతలు దాదాపు ఒకటే. ఒకదాని సామాను ఇంకొకదానికి పడుతుంది. ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది. మా దృష్టిలో దీని అసలు గొప్పతనం ఇదే.

పాతది కొనేటప్పుడు హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే చోట రంగు చిట్లి సన్నని గీత కనబడితే వదిలేయండి. అది పగులు కావచ్చు. పెడల్ కాడను పట్టుకొని పక్కకు ఊపితే లొడలొడలాడకూడదు. బిల్లు గాని, అమ్మేవారు సంతకం చేసిన కాగితం గాని తప్పక తీసుకోండి. ఫ్రేము నంబరు సీటు కింద జాయింటు దగ్గరో, పెడల్ ఇరుసు కిందో కొట్టి ఉంటుంది. రాసి పెట్టుకోండి. సైకిల్ పోతే పోలీసు స్టేషన్‌లో మొదట అడిగేది అదే.

మనకు తగినట్టు మార్చుకోవడం

ముందుగా సీటు. కాళ్ళు నేలకు పూర్తిగా ఆనాలని చాలామంది సీటును కిందికి దించుకుంటారు. రెండు నెలలకు మోకాళ్ళ నొప్పి వచ్చి, సైకిల్‌ను తిడతారు. సీటు మీద కూర్చొని, కింద ఉన్న పెడల్ మీద మడమ పెట్టినప్పుడు కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు ముందుపాదంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. అయితే సీటు గొట్టం కనీసం రెండున్నర అంగుళాలు ఫ్రేము లోపల ఉండాలి.

రెండవ మార్పు ఫ్రీవీల్. దీనిని కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఎత్తుపల్లాల హైదరాబాద్‌లో సైకిల్ మూలన పడటానికి ముఖ్య కారణం ఇదే. మా సైకిల్‌కు ముందు చక్రానికి, అంటే చైన్‌వీల్‌కు, 44 పళ్ళు. వెనుక ఫ్రీవీల్‌కు 18. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం 44ను 18తో భాగించగా వచ్చే 2.44 చుట్లు తిరుగుతుంది. టైరు వ్యాసం 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు. దాన్ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత సుమారు 2.23 మీటర్లు. కనుక పెడల్ ఒక చుట్టుకు 5.45 మీటర్లు ముందుకు పోతాము. చదునైన రోడ్డుకు ఇది చక్కగా ఉంటుంది. వెనుక బియ్యం బస్తా పెట్టుకొని ఎత్తు ఎక్కాలంటే మాత్రం దిగి తోయాల్సిందే.

అదే ఫ్రీవీల్‌ను 22 పళ్ళదిగా మారిస్తే ఒక చుట్టుకు 4.46 మీటర్లే పోతాము. కాని పెడల్ మీద వేయాల్సిన బలం నూటికి 18 వంతులు తగ్గుతుంది. మరి వేగం తగ్గదా? నిమిషానికి 60 చుట్లు తొక్కితే 18 పళ్ళతో గంటకు 19.6 కిలోమీటర్లు, 22 పళ్ళతో 16 కిలోమీటర్లు. ఆరు కిలోమీటర్ల దారిలో తేడా నాలుగు నిమిషాలు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర అంతకంటే ఎక్కువే పోతుంది. కాబట్టి గేర్ల సైకిల్ కొనలేకపోయామని బాధపడే బదులు ఒక ఫ్రీవీల్ మార్పించుకోండి. దాన్ని విప్పడానికి వేరే పనిముట్టు కావాలి కనుక షాపులోనే చేయించాలి. పళ్ళు పెరిగినందువల్ల చైను చాలకపోతే ఒక ముక్క కలుపుతారు.

మిగిలినవి చిన్నవే. క్యారియర్‌కు తాడు కన్నా పాత ట్యూబును పొడవుగా కోసిన పట్టీ మేలు, సాగి గట్టిగా పట్టేస్తుంది. డైనమో లైటు సైకిల్ ఆగితే ఆరిపోతుంది. అందుకని వెనుక ఎర్రని రిఫ్లెక్టరు, బ్యాటరీ లైటు కూడా ఉండాలి. చెల్లెళ్ళు వెనుక చక్రానికి రెండు వైపులా జాలీ, చైనుకు నిండు కవరు వేయించుకోకుండా చున్నీతో సైకిల్ ఎక్కవద్దు. చున్నీ చువ్వల్లో చుట్టుకుంటే మెడకే ప్రమాదం. తాళం వెనుక చక్రాన్ని మాత్రమే ఆపేది అయితే చాలదు, సైకిల్‌నే ఎత్తుకుపోతారు. గొలుసును ఫ్రేములోంచి, చక్రంలోంచి తీసి స్తంభానికి వేయాలి.

కాపాడుకోవడం

రాత్రి గాలి ఉంటుంది, పొద్దునకు ఉండదు. వెంటనే పంచర్ అనుకొని షాపుకు తోసుకుపోతాము. చాలాసార్లు తప్పు వాల్‌ట్యూబుది. గాలి కొట్టి, వాల్వు మీద తడి వేలు పెట్టి చూడండి. బుడగలు వస్తే లోపలి సన్నని రబ్బరు గొట్టం మారిస్తే చాలు. ఒక టీ ఖర్చు కూడా కాదు.

నిజంగా పంచరే అయితే, నీళ్ళ బకెట్‌లో ట్యూబు ముంచి రంధ్రం కనుక్కోవాలి. అక్కడ ఆరబెట్టి గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలుచగా రాయాలి. రాసిన వెంటనే ప్యాచ్ అంటించేస్తే ఊడిపోతుంది. నాలుగైదు నిమిషాలు ఆరి, వేలికి అంటనప్పుడే వేయాలి. ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల చేతితో తడిమి చూడండి, తుమ్మముల్లు ఇంకా అక్కడే ఉండవచ్చు.

చైనుకు కొబ్బరినూనె రాసే అలవాటు మన దగ్గర ఉంది. అది దుమ్ముతో కలిసి జిగురవుతుంది. సన్నని మెషిన్ ఆయిల్ ఒక్కొక్క చుక్క వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. చైను అరుగుదలను స్కేలుతో తెలుసుకోవచ్చు. కొత్త చైనులో 24 పిన్నుల దూరం సరిగ్గా 12 అంగుళాలు. అది అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగితే చైను మార్చేయాలి. లేదంటే ఆ సాగిన చైను చైన్‌వీల్, ఫ్రీవీల్ పళ్ళను కూడా తినేస్తుంది. అప్పుడు మూడూ కొనాలి.

బ్రేకుల విషయంలో ఉపేక్ష పనికిరాదు. ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరు జారిపోతుంది, వానలో సైకిల్ ఆగడానికి మామూలు కంటే చాలా ఎక్కువ దూరం పడుతుంది. ముందే రెండు బ్రేకులూ తేలికగా తాకిస్తూ రిమ్ము మీది నీటిని తుడుస్తూ పోవాలి. అన్ని వాహనాల మధ్యనే మనం తొక్కాలి కదా. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి ప్రారంభించారు. చూడముచ్చటగా ఉంది. కాని అది కారులో సైకిల్ పెట్టుకొని వచ్చి వ్యాయామం చేసేవారికి అనుకూలం, గది నుండి గ్రంథాలయానికి పోయే దారి కాదు.

ఏడాదికోసారి, వానలు పోయాక దసరా సెలవుల్లో, పూర్తిగా విప్పి శుభ్రం చేయాలి. దీన్నే మన షాపుల్లో ‘ఓవరాయిలింగ్’ అంటారు. ఓవర్‌హాలింగ్ అనే మాటకు ఆయిల్ తగిలి అలా అయింది గాని, నిజానికి బాల్స్‌కు కావలసింది ఆయిల్ కాదు, గ్రీజు. కిరోసిన్‌తో కడిగి, ఒక్క బాల్ గరుకెక్కినా ఆ వైపు సెట్టు మొత్తం మార్చాలి. ముందు చక్రానికి అంగుళంలో 16కి 3 వంతుల సైజు, వెనుక చక్రానికి పావు అంగుళం. బిగింపు సరిగ్గా ఉంటే, గాలిలో వదిలిన చక్రం మెల్లగా ఊగి, వాల్వు కిందికి వచ్చి ఆగుతుంది. మరొకటి గుర్తుంచుకోండి: ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది. ఏ పెడల్‌నైనా పైన పానా పెట్టి ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది, వెనక్కి తిప్పితే వదులవుతుంది. ఇది తెలియక బలంగా తిప్పి మరలు పాడుచేసే వాళ్ళు ఎక్కువ.

వార్షికోత్సవం మరునాడు ఉదయం మేము హాస్టల్‌లోనే ఉంటాము. రెండు పానాలు, పంపు, సొల్యూషన్, గ్రీజు డబ్బా తెస్తున్నాము, తిరిగి వెళ్ళేటప్పుడు వాటిని వార్డెన్ గారికి అప్పగిస్తాము. నేర్చుకోవాలనుకునే వారు టిఫిన్ అయ్యాక సైకిల్ తీసుకొని నీళ్ళ ట్యాంకు దగ్గరకు రండి. పాత గుడ్డలు మాత్రం మీరే తెచ్చుకోవాలి.