సంతకానికి ముందు లెక్క

కొండపల్లిలో ఒక తల్లి ఉంది. ఆమె తెల్ల పొణికి చెక్క బొమ్మలకు రంగులు వేస్తుంది. కూతురు ఇంటరు పాసయింది.

"అమ్మా! హైదరాబాదులో కెమెరా, సౌండు, ఎడిటింగు నేర్చుకుంటా. ఫీజు 4 లక్షలు. బ్యాంకు అప్పిస్తుంది. నువ్వు కూడా సంతకం పెట్టాలి" అంది కూతురు.

తల్లి పలక తెచ్చింది. "ముందు లెక్క చూద్దాం తల్లీ" అంది.

విద్యా రుణం 4 లక్షల దాకా అయితే బ్యాంకులు మామూలుగా తాకట్టు అడగవు. చదువు అయ్యాక సాధారణంగా ఒక ఏడాది గడువు ఇస్తాయి. తర్వాత వాయిదాలు కట్టాలి. కాని చదివే రోజుల్లో కూడా వడ్డీ ఆగదు. పిల్ల కట్టలేకపోతే సంతకం పెట్టిన తల్లి కట్టాలి.

నూటికి నెలకు రూపాయి వడ్డీ అనుకుందాం. 4 లక్షలకు నెలకు 4,000 వడ్డీ. మొదటి జీతం 12,000 అనుకుందాం. అద్దెకు, తిండికి 8,000 పోతే మిగిలేది 4,000. అది వడ్డీకే సరి. అసలు అలాగే ఉంటుంది! 5 ఏళ్ళలో అప్పు తీరాలంటే నెలకు సుమారు 8,900 కట్టాలి. చదివేటప్పటి వడ్డీ దీనికి అదనం.

కూతురి ముఖం చిన్నబోయింది.

"చదువు మానమనడం లేదమ్మా. అక్కడ చదివినవాళ్ళను అడుగుదాం. ఎందరికి పని దొరికింది? జీతమెంత? పూనాలో 1960లో పెట్టిన ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థ ఉందట. అక్కడి ఫీజు కూడా కనుక్కుందాం" అంది తల్లి.

సంతకం నేర్చుకున్నాం. చదివి, లెక్క చూసి పెడదాం.

ఆలోచించండి:
1. జీతం 18,000 అయితే నెలకు ఎంత మిగులుతుంది?
2. అప్పు 2 లక్షలే అయితే నెల వడ్డీ ఎంత?