గాలిమర కథ - మా పినపాక లెక్క

పోయిన ఏడాది మా నాయన ఓ పెళ్లికని అనంతపురం వైపు వెళ్లి, రామగిరి కొండల మీద గాలిమరలు చూసి వచ్చాడు. ఇల్లు చేరీ చేరగానే, "ఏరా, సైన్సు చదువుతున్నావు గదా! అట్లాంటిది మన బావి కాడ ఒకటి పెడితే, కరెంటు కోసం రాత్రంతా కాపలా కాయకుండా మిరపకు నీళ్లు పారవా?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. కాలేజీకి వచ్చి పుస్తకాలు తిరగేశాను.

గాలిమర నిన్న మొన్నటిది కాదు. వెయ్యేళ్ల కిందటే పర్షియాలోని సీస్తాన్ ప్రాంతంలో నిలువు ఇరుసు మీద తిరిగే మరలతో పిండి విసిరేవారు, నీళ్లు తోడేవారు. అక్కడ ఎండాకాలంలో నాలుగు నెలలు ఎడతెగని హోరుగాలి. దానికి '120 రోజుల గాలి' అనే పేరే ఉంది. 12వ శతాబ్దం చివరికి ఐరోపాలో అడ్డ ఇరుసు మరలు వచ్చాయి. హాలండు వారు వాటితో పల్లపు నేలల్లోని నీరు తోడి పొలాలు చేసుకున్నారు. 1854లో అమెరికాలో డేనియల్ హాలడే, గాలి దిక్కుకు తనంతట తానే తిరిగే మరను తయారుచేశాడు. చెట్టు చేమ లేని మైదానాల్లో అటువంటి మరలు పశువులకూ, రైలు ఇంజన్లకూ నీళ్లు తోడాయి. 1887లో స్కాట్లండులో జేమ్స్ బ్లైత్ అనే ప్రొఫెసరు గాలిమరతో విద్యుత్తు పుట్టించి తన ఇంట్లో దీపాలు వెలిగించాడు. ఊరి వీధికీ వెలుగిస్తానంటే, అది దయ్యాల పని అని ఊరివాళ్లు వద్దన్నారట! మన రామగిరి మరలు 1990ల దశకంలో వచ్చాయి.

ఎడారి, సముద్రతీరం, మైదానం, బోడికొండ - ఇవీ గాలిమర నిలిచిన చోట్లు. మా పినపాక అడవి అంచు. చెట్లు గాలి వేగాన్ని విరిచేస్తాయి. మా తాత ఎద్దులతో మోట తోలాడు.

ఇక లెక్క చూద్దాం. గాలిలోని సామర్థ్యం వేగపు ఘనాన్ని బట్టి ఉంటుంది. 3 మీటర్ల వ్యాసం గల చక్రానికి సెకనుకు 6 మీటర్ల గాలి తగిలితే, ఆ గాలిలో సుమారు 915 వాట్లు ఉంటాయి. 2 మీటర్ల గాలి అయితే 34 వాట్లే. వేగం మూడో వంతు అయితే సామర్థ్యం ఇరవయ్యేడో వంతు! అందులోనూ 59 శాతానికి మించి ఏ మరా తీయలేదని బెట్జ్ సూత్రం. అంటే 20 వాట్లు. మా బావి మోటారు 5 హార్స్ పవర్, అనగా 3,730 వాట్లు.

సెలవుల్లో ఈ లెక్క మా నాయనకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ రెండు మీటర్లు నువ్వు కొలిచావా, అనుకున్నావా?" అన్నాడు.

"అనుకున్నాను నాయనా."

"అయితే కొలిచి చెప్పు."

మా ఫిజిక్సు మాస్టారిని గాలివేగ మాపకం అడిగాను. బావి గట్టున ఏడాది పాటు ఉంచి చూడాలి.