టానింగ్ క్రీముకు ఆ వాసన ఎందుకు?

ఎండ తగలకుండానే చర్మానికి గోధుమ రంగు తెచ్చే సెల్ఫ్-టానింగ్ క్రీముల్లో డైహైడ్రాక్సీఅసిటోన్ అనే చక్కెర ఉంటుంది. 1950లలో అమెరికాలోని సిన్సినాటిలో ఈవా విట్‌గెన్‌స్టైన్ దీన్ని పిల్లలకు మందుగా తాగించినప్పుడు, ఒలికిన చోట చర్మం గోధుమ రంగుకు మారడం గమనించారు. చర్మం పైపొర మృతకణాల్లోని అమైనో ఆమ్లాలతో ఈ చక్కెర చర్య జరుపుతుంది. కాల్చిన రొట్టెకు రంగు, వాసన తెచ్చే మెయిలార్డ్ చర్య లాంటిదే ఇది. వాసన చర్మం మీదే పుడుతుంది కాబట్టి అత్తరు పూస్తే పోదు. డబ్బాపై సూచించిన గంటలు గడిచాక గోరువెచ్చని నీటితో కడిగితే చాలావరకు తగ్గుతుంది. పైపొర రాలేకొద్దీ, గోరింటాకు లాగే ఈ రంగూ వెలిసిపోతుంది.

అయితే ఈ రంగు ఎండ నుంచి రక్షణ కాదు. దక్షిణ అండమాన్‌లోని తుష్నాబాద్ వంటి ఉష్ణమండల ప్రాంతాల్లో తిరిగేవారు దీన్ని పూసుకున్నా, సన్‌స్క్రీన్ విడిగా రాసుకోవాల్సిందే.