తొలిచూలేనా అని అడిగితే...

సమస్య

అమ్మా, మాది వీరపునాయునిపల్లె మండలంలో ఒక పల్లె. పెళ్లయి ఏడాది దాటింది, ఇప్పుడు మూడో నెల. ప్రొద్దుటూరులో డాక్టరమ్మకు చూపించుకుంటున్నాం. ప్రతిసారీ మా అత్త వెంట వస్తుంది. మొదటిరోజు నర్సు "ఎన్నో కాన్పు?" అనగానే నేను నోరు తెరవకముందే ఆమె "తొలిచూలమ్మా" అనేసింది. నేను తలూపాను.

డిగ్రీ చదివేటప్పుడు ఒకతన్ని నమ్మాను. మూడో నెలలో వేరే ఊళ్లో కడుపు తీయించుకున్నా. అప్పటికి నాకు ఇరవై నిండాయి. మా అమ్మకు తప్ప ఎవరికీ తెలీదు, మా ఆయనకు కూడా. మొన్న రక్తపరీక్షలో నాది బి నెగటివ్ అని వచ్చింది, ఆయనది పాజిటివ్. "మొదటిదే కదా, భయం లేదులే" అంది డాక్టరమ్మ. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. చెబితే కార్డు మీద రాస్తారు. ఆ కార్డు ఇంట్లో అందరి చేతుల్లో తిరుగుతుంది. ఆశా వర్కరు మా అత్తకు చిన్నమ్మ కూతురు. "నోరు విప్పితే కాపురం కూలుతుంది" అంటుంది అమ్మ. ఏం చేసేది?

- పేరు వేయొద్దు

జవాబు

చెప్పు తల్లీ. ఊరికి కాదు, అత్తకు కాదు, ఆ డాక్టరమ్మ ఒక్కరికి.

"మొదటిదే కదా" అన్న ఆమె ధైర్యం నువ్వు తలూపడం మీద నిలబడింది. నెగటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ ఉన్నప్పుడు ఆ రక్తం కాస్త తల్లి రక్తంలో కలిస్తే, దానికి విరుగుడుగా ఆమె ఒంట్లో యాంటీబాడీలు పుట్టవచ్చు. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. తర్వాతి బిడ్డ ఎర్రకణాలను అవి విరగ్గొడతాయి. రక్తం తగ్గుతుంది, కామెర్లు వస్తాయి, ముదిరితే కడుపులోనే బిడ్డ ఒంటికి నీరు పడుతుంది. ఈ లెక్కలో నీది రెండోది. యాంటీబాడీలు పుట్టకుండా, కాన్పయినా గర్భం పోయినా 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ వేస్తారు. 1968 నుంచీ ఉన్న మందే. యాంటీబాడీలు ఒకసారి పుట్టాక మాత్రం అది పనిచేయదు. మరీ తొలి వారాల్లో పోయిన గర్భానికి అది అవసరమా కాదా అని వైద్యుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. తేల్చవలసింది డాక్టరు. తేల్చాలంటే ఆమెకు తెలియాలి కదా! నీకు ఏమీ అయి ఉండకపోవచ్చు. పరోక్ష కూంబ్స్ అనే రక్తపరీక్షతో బయటపడుతుంది. యాంటీబాడీలున్నా స్కానింగులతో కనిపెట్టుకుంటూ కాన్పు చేస్తారు. ఆ పరీక్ష నెగటివ్ గ్రూపు వాళ్లందరికీ చేసేదే, కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

కార్డు గురించి నీ భయం ఉత్తది కాదు. జి2 ఎ1 అని రాస్తారు, రెండో గర్భం, ఒకటి పోయింది అని దానర్థం. ఇంట్లో నర్సింగు చదివిన ఆడపడుచు ఒకరుంటే చాలు. అందుకని ఈసారి పొట్ట పరీక్షకు బల్ల మీద పడుకోబెట్టి అత్తను బయట ఉండమన్నప్పుడే చెప్పు. నోరు పెగలకపోతే చీటీ రాసి చేతికివ్వు: "పెళ్లికి ముందు మూడో నెలలో ఒకసారి కడుపు తీయించుకున్నాను. ఇంట్లో తెలీదు. కార్డు మీద రాయొద్దు, మీ దగ్గరుండే కేస్ షీట్‌లో పెట్టుకోండి." మందులతో పోయిందా, లోపల శుభ్రం చేశారా, తర్వాత జ్వరమేదైనా వచ్చిందా అన్నదీ చెప్పు. శుభ్రం చేసి ఉంటే మాయ ఎక్కడ అతుక్కుందో స్కానింగులో ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు.

గుట్టు కాపాడటం ఆమె దయాదాక్షిణ్యం కాదు. రోగి చెప్పిన రహస్యం బయటపెట్టకూడదని వైద్యుల 2002 నాటి ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. గర్భవిచ్ఛిత్తి చట్టానికి 2021లో వచ్చిన సవరణ ఇంకో అడుగు వేసింది: గర్భం తీయించుకున్న స్త్రీ పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చట్టాన్ని చూసి అందరూ నోరు కట్టుకుంటారని నేననను, నోట్లో నువ్వుగింజ నానని వాళ్లు ఆసుపత్రుల్లోనూ ఉంటారు. అందుకే ఓపీ చీటీ రాసే గుమాస్తాకూ ఆశా వర్కరుకూ చెప్పక్కర్లేదు.

మీ ఆయనకు చెప్పాలా వద్దా అన్నది వేరే సంగతి. దాన్నీ దీన్నీ కలిపి నెత్తిన వేసుకోబట్టే నీకు నిద్ర పట్టడం లేదు. అది తర్వాత ఆలోచించుకోవచ్చు, అసలు వద్దనుకోవచ్చు కూడా. అమ్మ మాట కాపురం వరకు సరే, కూంబ్స్ పరీక్షకు వర్తించదు.

ఆ డాక్టరమ్మ ముఖం చిట్లించి నీతులు చెబితే ఇంకొకరి దగ్గరకు వెళ్లు. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్షలు చేస్తారు. ఆ రోజు మీ అమ్మను తోడు తీసుకెళ్లు, ఆమెకు ఎలాగూ తెలుసు. నాలుగో నెల పడేదాకా మాత్రం ఆగకు.