ఇనుప చట్రం – కలప బల్ల

ఇనుప కాళ్లమీద నిలిచిన కలప బల్లలను మీరు చూసే ఉంటారు. ఇనుము బరువును మోస్తుంది. కలప చేతికి హాయినిస్తుంది. ఈ రెండింటినీ జతచేయడం తేలికగానే కనిపిస్తుంది. కాని వాటి స్వభావాలు వేరు. ఆ తేడా ఎరిగి చేసిన బల్ల ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఎరగక చేసిన బల్ల ఒక్క వేసవికే పగలవచ్చు.

ఒక బల్లను ఎలా తయారుచేస్తారో చూద్దాం. దాని పొడవు 120 సెం.మీ., వెడల్పు 60 సెం.మీ., ఎత్తు 75 సెం.మీ. అనుకొందాం. పై పలక మందం 3 సెం.మీ. కాబట్టి చట్రం ఎత్తు 72 సెం.మీ. ఉండాలి. పలక అన్ని వైపులా 5 సెం.మీ. ముందుకు రావాలంటే చట్రం పొడవు 110, వెడల్పు 50 సెం.మీ. అవుతుంది.

ఇందుకు 4 సెం.మీ. చదరపు ఇనుప గొట్టం సరిపోతుంది. 110 సెం.మీ. ముక్కలు రెండు, 50 సెం.మీ. ముక్కలు రెండు, కాళ్లకు 68 సెం.మీ. ముక్కలు నాలుగు కోయాలి. మొత్తం 592 సెం.మీ. ఆరు మీటర్ల గొట్టం ఒక్కటి చాలు. ముందే లెక్క వేసుకొన్నవానికి ఇనుము వృథా కాదు.

పైచట్రం ముక్కల చివరలను 45 డిగ్రీల వాలుగా కోసి, నేలమీద పరచి, మూలమట్టంతో సరిచూస్తారు. మొదట ప్రతి మూలకూ చుక్కంత అతుకు మాత్రమే వేస్తారు. ఆపైన కర్ణాలు రెండూ కొలుస్తారు. పైథాగరస్ సూత్రం ప్రకారం ఒక్కొక్కటి సుమారు 120.8 సెం.మీ. ఉండాలి. రెండూ సమానం కాకపోతే చట్రం వంకరపోయినట్లే. అప్పుడైతే సవరించడం సులువు. పూర్తిగా అతికాక కష్టం.

వెల్డింగు రాడ్డు కొన వద్ద పుట్టే విద్యుత్ మెరుపు వేడి 3,000 డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. అక్కడ ఇనుము కరిగి ఒకటవుతుంది. రాడ్డు పైపూత కాలి, కరిగిన లోహాన్ని గాలి నుండి కాపాడుతుంది. అదే చల్లారి చిట్టెంగా మారుతుంది. దానిని సుత్తితో రాల్చాలి. చల్లారేటప్పుడు అతుకు కుదించుకొని ముక్కలను తనవైపు లాగుతుంది. అందుకే పనివారు ఒక మూల తర్వాత దాని ఎదుటి మూలను అతుకుతారు. కాళ్లను నిలబెట్టేటప్పుడూ ఇదే జాగ్రత్త.

ఈ మెరుపును వట్టి కళ్లతో చూడరాదు. అందులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. బాధ వెంటనే తెలియదు. కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్లు మంట పుడుతుంది. మామూలు నల్ల కళ్లద్దాలు రక్షణ ఇవ్వవు. వెల్డింగు ముసుగు, తోలు చేతితొడుగులు తప్పనిసరి. జింకు పూత ఉన్న గొట్టాన్ని అతికితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. ఈ పనిని శిక్షణ పొందినవారే చేయాలి. మీరు కొలతలు చూడండి, కర్ణాలు లెక్కించండి. మెరుపు వైపు మాత్రం చూడకండి.

అతుకులను ఆకురాయితో నునుపు చేసి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్, ఆపైన రంగు వేస్తారు. ఇక మిగిలింది పలక బిగింపు.

మీటరు పొడవున్న ఇనుము 10 డిగ్రీల వేడికి పెరిగేది మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మాత్రమే. కలప అలా కాదు. వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. ఎండాకాలంలో ఆరి కుదించుకొంటుంది. నార వెంబడి ఈ మార్పు అతి స్వల్పం. నారకు అడ్డంగా, అంటే మన బల్ల వెడల్పులో, కొన్ని మిల్లీమీటర్లు ఉండవచ్చు. పలకను గట్టిగా బిగించివేస్తే కదలడానికి చోటు లేక చీలుతుంది.

అందుచేత చట్రం లోపలి అంచున చిన్న ఇనుప పట్టీలు అతికి, పొడవు పక్కల పట్టీలలో వెడల్పు దిశగా సాగిన రంధ్రాలు చేస్తారు. మర పట్టు వదలదు, పలక కదలిక ఆగదు. వెడల్పు పక్కల నడిమి పట్టీలకు మాత్రం గుండ్రని రంధ్రం చాలు. దానివల్ల పలక మధ్యకు నిలుస్తుంది.

కొలత తప్పని కమ్మరి, కలప గుణమెరిగిన వడ్రంగి కలిసినప్పుడే మంచి బల్ల తయారవుతుంది. పట్టు ఎక్కడ ఉండాలో, సడలింపు ఎక్కడ ఇవ్వాలో తెలియడమే పనితనం.

ప్రశ్నలు

1. చట్రం పూర్తిగా అతకకముందే కర్ణాలను ఎందుకు కొలవాలి?
2. వెల్డింగు మెరుపును వట్టి కళ్లతో చూస్తే ఏమవుతుంది?
3. పట్టీల రంధ్రాలు పొడవు దిశలో కాక వెడల్పు దిశలో ఎందుకు ఉండాలి?
4. మీ ఊరి వడ్రంగిని కలిసి, ఆయన పనిముట్లను తెలుగులోను, మీ ప్రాంత భాషలోను ఏమంటారో అడిగి, పట్టిక రాయండి.