రాతిమీద ఉన్నదెంత, లెక్కగట్టిందెంత

చేబ్రోలు అనగానే చాలామందికి కోనేరు మధ్యనున్న చతుర్ముఖ బ్రహ్మ గుడి గుర్తొస్తుంది. 2019 చివర్లో మాత్రం ఆ ఊరు వేరే కారణంతో పేపర్లకెక్కింది. భీమేశ్వరస్వామి గుడి పనుల్లో బయటపడ్డ స్తంభం మీది బ్రాహ్మీ లిపి శాసనాన్ని పురావస్తు శాఖ శాసన నిపుణులు చదివారు. శాతవాహన రాజు విజయుడి ఏలుబడిలో కార్తికుడు అనే ఆయన ఇక్కడి సప్తమాతృకల గుడి దగ్గర ప్రాసాదం, మండపం కట్టించి, విగ్రహాలు నిలబెట్టాడని అందులోని సమాచారం. భాష సంస్కృతం. ఊరి పాతపేరు తాంబ్రాప. దక్షిణ భారతంలో కాలం తేల్చడానికి వీలైన సంస్కృత శాసనాల్లో ఇప్పటికి దొరికినంతలో ఇదే పాతదనీ, క్రీ.శ. 207 నాటిదనీ ప్రకటించారు.

ఆన్‌లైన్లో సైన్సు ఎలా వెతుక్కోవాలో పిల్లలకు చెప్పాలంటే నేనైతే ఈ వార్తతోనే మొదలుపెడతాను. ఇది సైన్సు కాదు, చరిత్ర కదా అంటారా? ఆధారం నుంచి నిర్ణయానికి నడిచే దారి రెండింటికీ ఒకటే.

మొదటి పేరాలోని చివరి వాక్యాన్ని మళ్లీ చూడండి. ‘దక్షిణ భారతంలో’, ‘కాలం తేల్చడానికి వీలైన’, ‘ఇప్పటికి దొరికినంతలో’. బరువంతా ఈ మూడు షరతుల మీదే ఉంది. వార్త వాట్సాప్‌లో చేతులు మారేకొద్దీ ముందు రాలిపోయేవీ ఇవే. చివరికి ‘దేశంలోనే మొట్టమొదటి సంస్కృత శాసనం మన చేబ్రోల్లో’ అని మిగులుతుంది. సొంత ఊరి మీద అభిమానంతో ఏ పిల్లాడో దాన్ని క్లాసులో చెబితే, గుజరాత్‌లోని జునాగఢ్‌లో రుద్రదాముడు దాదాపు క్రీ.శ. 150లోనే సంస్కృతంలో పెద్ద శాసనం వేయించాడని ఇంకొకడు లేచి చెబుతాడు. నిజంగా గొప్పదైన విషయం అనవసరంగా వెక్కిరింతల పాలవుతుంది. కాబట్టి సైన్సు గురించి చదివేటప్పుడు షరతులు ఉన్నాయా, ఎవరో కత్తిరించేశారా అన్నది మొదట చూడాలి. ఏ షరతూ లేకుండా ఢంకా బజాయించి చెప్పే పేజీని నేను అంత తొందరగా నమ్మను.

రెండోది 207 అనే అంకె. అది రాతిమీద లేదు. రాతిమీద ఉన్నది రాజుగారి పాలనలో అయిదో ఏడు అని మాత్రమే. విజయుడు ఎప్పుడు గద్దెనెక్కాడో లెక్కగట్టి, దాన్నుంచి 207 తేల్చింది చరిత్రకారులు. ఈ తేడా ఒకసారి పట్టుకున్న విద్యార్థి ‘భూమి వయసు 454 కోట్ల ఏళ్లు’ అని పుస్తకంలో కనిపిస్తే బట్టీపట్టి ఊరుకోడు. ఎవరు లెక్కగట్టారు, దేన్నిబట్టి అని వెతుకుతాడు. వెతికితే క్లెయిర్ ప్యాటర్సన్ దొరుకుతాడు. ఉల్కల్లోని సీసం ఐసోటోపులను కొలిచి 1956లో ఆయన చెప్పింది 455 కోట్లు, ఏడు కోట్లు అటూ ఇటుగా. ఆ ‘అటూ ఇటు’ దాచకుండా, పద్ధతితో సహా చెప్పే పేజీ దగ్గర కాసేపు ఆగవచ్చు. అమెరికా భూగర్భ సర్వే వాళ్ల సైటులో ఇదంతా ఉంటుంది. ఇంగ్లీషే, కానీ పదో తరగతి పిల్లలు నిఘంటువు దగ్గర పెట్టుకుని నింపాదిగా చదివితే మింగుడుపడనిదేమీ కాదు.

తీరం వైపు వెళితే ఈ అలవాటు మార్కుల కోసం కాదు, ప్రాణాల కోసం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజుల్లో ఫోన్లకు వచ్చిపడే వీడియోలు ఏ సముద్రానివో, ఏ ఏటివో తెలియదు. వాతావరణ శాఖ బులెటిన్ తెరిస్తే పైనే తేదీ, ఏ సమయానికి లెక్కించారన్నదీ ఉంటాయి. గాలివేగం కూడా ఒక్క అంకెగా కాక ఇంతనుంచి ఇంతవరకు అని ఉంటుంది. అలలు, ఆటుపోట్ల సంగతి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చెబుతుంది. నిజాంపట్నం పడవలకు పనికొచ్చే ఈ సమాచారం రేపల్లె కాలేజీ కుర్రాడికి భౌతికశాస్త్రం ప్రాజెక్టుకూ పనికొస్తుంది. చాలామందికి అది అందుబాటులో ఉందని కూడా తెలియదు.

మంచి సైట్ల జాబితా ఇవ్వండని తల్లిదండ్రులు అడుగుతుంటారు. జాబితాలు త్వరగా పాతబడతాయి, అయినా రెండు పేర్లు చెబుతాను. పాఠం పునాది కోసం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆన్‌లైన్లో ఉచితం. ల్యాబు తాళం తీయని బడిలో చదివేవాళ్లకు ఫెట్ సిమ్యులేషన్లు. నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టింది ఇది. తెర మీదే బ్యాటరీకి బల్బు కలిపి, ఇంకో బల్బు జోడిస్తే వెలుగు ఏమవుతుందో చూడొచ్చు. వరసగా కలిపితే ఒకలా, పక్కపక్కన కలిపితే ఇంకోలా. తీగ మార్చి చూసుకున్న పిల్లకు ఓమ్ సూత్రం ఎవరో చెబితే నమ్మాల్సిన సంగతి కాదిక.

ఏఐని అడిగితే సరిపోదా అంటారు కొందరు. అడగండి. అది చూపించిన ఆధారం లింకు నొక్కి, ఆ పేజీ అసలు ఉందో లేదో, ఆ మాటే అందులో ఉందో లేదో చూడండి. ఆ రెండు నిమిషాల ఓపిక లేనివాళ్లకు ఏ సైటు ఇచ్చినా ఒకటే.

తెలుగులోనే చదవాలనుకునేవాళ్లకు కొడవటిగంటి రోహిణీప్రసాద్ వ్యాసాలు ఈమాట వెబ్ పత్రికలో దొరుకుతాయి. ఆయన తెనాలిలో పుట్టిన రచయిత కుటుంబరావుగారి అబ్బాయి, భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. హాయిగా సాగే తెలుగు ఆయనది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకుని చదవాలి. ఆయన 2012లో పోయారు. గురుత్వ తరంగాలు మొదటిసారి పరికరాలకు చిక్కింది 2015లో. విశ్వం గురించి పునాది ఆయన దగ్గర వేసుకుని, తర్వాతి కథ కోసం ఆ తరంగాలను పట్టిన లైగో శాస్త్రవేత్తల సైటుకు వెళ్లాలి.